పైడమ్మ కుర్చీ

నేను ఒక వైరు కుర్చీని. ఇనప గొట్టాలు వంచి, ఆకుపచ్చ, తెలుపు ప్లాస్టిక్ వైర్లతో గళ్ళు గళ్ళుగా అల్లిన మామూలు కుర్చీని. ఒకప్పుడు మీ ఇంటి వసారాలో కూడా నా అన్నో తమ్ముడో ఉండే ఉంటాడు. వేసవి సాయంత్రాల్లో చొక్కా విప్పి మాలో కూర్చుని లేస్తే మీ వీపు మీద గళ్ళ అచ్చులు పడేవి. అది మా సంతకం. ఆ సంతకం పెట్టుకునే భాగ్యం నాకు పెద్దగా దక్కలేదు. నాకు దండం పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఇల్లు చేరాక నాలో కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టడానికి మీకు ఒక చేతి వేళ్ళు కూడా అక్కర్లేదు.

ఊళ్ళో అందరూ నన్ను స్వామివారి కుర్చీ అంటారు. ఆ పేరు తప్పు. నేను పైడమ్మ కుర్చీని. ఆ ముక్క ఎవరికీ చెప్పలేకపోయాను. కుర్చీకి కాళ్ళూ చేతులూ ఇచ్చిన మనుషులు నోరు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు పని లేక ఒక కొట్లో మేకుకి వేలాడుతున్నాను కాబట్టి, మీరు తీరిగ్గా వింటానంటే చెబుతాను.

నేను పుట్టింది అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టు వెనక సందులో. వెల్డింగు కొట్లో నా ఎముకలు అతికారు. పక్క కొట్లో గవరయ్య అనే ఆయన నాకు ఒళ్ళు అల్లాడు. వైరు కొసని పళ్ళతో పట్టుకుని, ఒక కాలు నా గొట్టానికి తన్నిపెట్టి, బలం కొద్దీ లాగి బిగించేవాడు. అల్లుతున్నంత సేపూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేవాడు, మునిసిపాలిటీని గాని, బావమరిదిని గాని. నాలో ఉన్న ఈ కాస్త దురుసుతనం ఆయన దగ్గర నుంచి వచ్చిందే.

సూరిబాబు అనే కుర్రవాడు నన్ను కొని సైకిలు వెనక కట్టుకుంటుంటే గవరయ్య ఒక మాట చెప్పాడు.

"కొత్తలో బిర్రుగా ఉంటాది బాబూ. నిండా కూకుంటే, కూకున్నోల్ల ఒంటికి తగ్గట్టు అదే సాగుద్ది. ఊరికే మాత్రం ఉంచొద్దు. పెలుసెక్కిపోద్ది."

సూరిబాబు తల ఊపాడు. కొన్నవాళ్ళు అమ్మినవాడి మాట ఎంతవరకు వింటారో మీకు తెలుసు.

సూరిబాబు వాళ్ళది చోడవరం వెళ్ళే రోడ్డు మలుపులో రేకుల షెడ్డు. అదే ఇల్లు, అదే హోటలు. ఉన్నది ఒకటే పెద్ద గది. ఒక మూల పొయ్యి, ఒక గోడవార తినేవాళ్ళకి బల్ల, ఇంకో గోడవార బియ్యం బస్తాలు, పరుపుచుట్టలు. బయట చూరు కింద నులక మంచం మీద సూరిబాబు తండ్రి ఎర్రినాయుడు కూర్చుని డబ్బులు పుచ్చుకునేవాడు, రాజకీయాలు మాట్లాడేవాడు. లోపల ఆయన భార్య పైడమ్మ మినపరొట్టెలు కాల్చేది. మందపాటి ఇనప మూకుడులో పిండి పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద అడుగు ఎర్రగా అయ్యేదాకా ఉంచి, పక్కన బెల్లం పాకం పోసి ఇచ్చేది. ఆ రొట్టె కోసం లారీలవాళ్ళు ముందు ఊళ్ళో ఆకలైనా ఓర్చుకుని వచ్చేవాళ్ళు.

పొయ్యి నేల మీద ఉండేది. దాని ముందు పైడమ్మ పెళ్ళయిన నాటి నుంచీ గొంతుక్కూర్చునే ఉంది. మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే ముందు ఒక చెయ్యి నేలకి ఆనించి, రెండో చెయ్యి గోడకి ఆనించి, పళ్ళు బిగించి లేచేది. నేల మీద కూర్చోవడం మానెయ్యాలని డాక్టరు చెప్పాడు. అందుకే సూరిబాబు నన్ను కొన్నాడు. నాతోపాటు ఒక బండెడు ఇటుకలు కూడా తెచ్చి పెరట్లో పేర్చాడు.

"వానలు తగ్గితే పొయ్యిని అరుగు మీదకి లేపేస్తానే అమ్మా. కుర్సీలో కూకునే రొట్టెలు కాల్సుకోవచ్చు," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం ఎంతో బాగుంది. అతను చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. నా బాధంతా అదే. ఒక చెడ్డవాడు దొరికితే తిట్టుకుని ఊరుకుందును.

మాకు మనుషులు ముఖాన్ని బట్టి తెలియరు, బరువును బట్టి తెలుస్తారు. కోపంలో ఉన్నవాడు వెనక్కి ఆనడు. అబద్ధం చెబుతున్నవాడు మాటిమాటికీ సర్దుకుంటాడు. ఇదంతా గవరయ్య కొట్లో బేరానికి వచ్చినవాళ్ళు కూర్చుని చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. పైడమ్మ సంగతి మాత్రం తెలియలేదు. పనంతా అయ్యాక, మొగుడు రోడ్డు మీదకి వెళ్ళాడని చూసుకుని, నా అంచున అలా ఆనేది. బరువంతా కాళ్ళ మీదే ఉంచుకునేది. నాకు తగిలేది చీర మడత ఒక్కటే. ఎర్రినాయుడి అడుగు వినిపిస్తే చటుక్కున లేచేది. ఆ చటుక్కున లేవడంతో మోకాలు కలుక్కుమనేది.

"కూకో, ఎవుడొద్దన్నాడు," అనేవాడు ఆయన, ఆమె వంక చూడకుండానే.

"మగోడు మంచమ్మీద ఉంటే నాకు కుర్సీ ఏటి," అనేది ఆమె. మళ్ళీ పొయ్యి దగ్గరికే పోయేది.

అలవాటవుతుందిలే అనుకున్నాను. కొత్త చెప్పులకైనా కొన్నాళ్ళు పట్టదూ. పొయ్యి అరుగు లేచిందంటే ఆమెకి నాలో కూర్చోక తప్పదు కదా అని ధైర్యంగా ఉన్నాను.

గోడకి ఒక కేలండరు ఉండేది. దాని మీద నడకస్వామి బొమ్మ. మీరు ఆయన పేరు వినే ఉంటారు. అసలు పేరు విమలబోధ స్వామి. ఏటా వానాకాలంలో ఊరూరా కాలినడకన తిరుగుతాడు కనక ఆ ప్రాంతంలో అందరికీ నడకస్వామే. ఒకసారి ఆయన విశాఖపట్నం వస్తున్నాడంటే ఇంటిల్లిపాదీ వెళ్ళారట. జనంలో నలిగి నలిగి, దూరంగా ఒక కాషాయపు చుక్కని చూసి తిరిగొచ్చారు. పైడమ్మ మాత్రం రోజూ కేలండరుకి దండం పెట్టుకుని, ఒక్కసారి దగ్గర్నించి చూస్తే చాలు సామీ అనుకునేది.

ఆ ఏడు వానలు ముదిరాయి. ఒక రోజు పెద్ద రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయిందని కబురు వచ్చింది. అటు వెళ్ళవలసిన రాకపోకలన్నీ మా మలుపుకి తిరిగాయి. పొద్దెక్కాక వాన మళ్ళీ అందుకోవడంతో బేరాలు ఆగిపోయాయి. అప్పుడు ఒక ముసలాయన కుంటుకుంటూ వచ్చి చూరు కింద నిలబడ్డాడు. పిక్కల దాకా బురద. ఒక చేతిలో ఊచలు విరిగిన గొడుగు, భుజాన గుడ్డసంచీ. కట్టిన బట్ట తడిసి ఏ రంగో తెలియడం లేదు. కుడికాలి బొటనవేలు వాచి వంకాయలా ఉంది.

"టిపినీ అయిపోనాది," అన్నాడు ఎర్రినాయుడు మంచం మీంచి లేవకుండా. అయిపోలేదు. బైరాగులతో ఆయనకి పడదు, అంతే.

పైడమ్మ ఆ ముసలాయన కాలు చూసింది. ఎవరికి ఎక్కడ నొప్పి ఉంటుందో, ఎదుటివాళ్ళలో వాళ్ళ చూపు అక్కడికే పోతుంది.

"ఆ కాలుతోటి నిలబడకు బాబూ. లోనికొచ్చి కూకో," అంది. గోడ పట్టుకుని లేచి, నన్ను గది మధ్యకి లాగి, కొంగుతో దులిపింది.

ఆయన కూర్చున్నాడు. నిండా కూర్చున్నాడు. వెన్ను వెనక్కి వాల్చి, చేతులు నా చేతుల మీద చాపి, 'అమ్మయ్య' అన్నాడు. ఎంతో దూరం నడిచిన మనిషి బరువు అది. అందులో దాపరికం లేదు. నా వైర్లన్నీ ఒక్కసారి మూలిగి, సర్దుకుని, ఆయన్ని పట్టుకున్నాయి. నేను కుర్చీనని నాకు మొదటిసారి తెలిసింది.

పైడమ్మ వేడినీళ్ళలో ఉప్పు వేసి తెచ్చింది. ఆయన కాలు అందులో పెట్టుకున్నాడు. వేలికి పసుపు వెచ్చజేసి కట్టింది. కోడలు మంగవేణి రొట్టె, పాకం తెచ్చి పెట్టింది. పెళ్ళయి అట్టే రోజులు కాని పిల్ల. ఆయన తలకి సరిగ్గా పైనే కేలండరు వేలాడుతోంది. బొమ్మలో నల్లటి గుబురు గడ్డం, కింద తడిసిన తెల్ల గడ్డం. మంగవేణి ఒకసారి పైకి, ఒకసారి కిందకి చూసింది. కొత్త కోడలు కనక ఏమీ అనకుండా పెరట్లోకి పోయింది.

ఆయన రొట్టె తిని, పాకం వేళ్ళతో నాకి, ఇంకొకటి అడిగి పెట్టించుకున్నాడు. పైడమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచే తీరు, మళ్ళీ కూర్చునే తీరు చూస్తూనే ఉన్నాడు.

"ఈ కుర్చీ ఎవరిదమ్మా? కొత్తగా ఉంది," అన్నాడు.

"మా గుంటడు నా కోసం కొన్నాడు బాబూ. మోకాళ్ళు అరిగిపోనాయంట."

"మరి నువ్వు నేల మీదున్నావేం?"

"నాకలవాటు లేదు. సివర్న కూకుంటాను. పడిపోతానేమోనని బయం."

ఆయన నవ్వాడు. "చివరన కూర్చుంటే పడతావు. నిండా కూర్చుంటే పడవు. నేను ఇన్నాళ్ళు నడిచి నేర్చుకున్నది ఇదే తల్లీ, ఒళ్ళు అడిగినప్పుడు దాన్ని కూర్చోబెట్టాలి."

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎర్రినాయుడు కూడా లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుని, ఏ ఊరు తాతా, ఎందాకా అని అడుగుతున్నాడు. సూరిబాబు గొడుగు ఊచలు తీగతో కడుతున్నాడు. ఆ కాసేపూ ఆ గది ఎంత బాగుందో చెప్పలేను. ఆయన ఎవరో తెలియనంత సేపూ అందరూ మనుషుల్లాగే ఉన్నారు.

ఇంతలో రోడ్డు మీద జీపు ఆగింది. నలుగురు కాషాయాలవాళ్ళు దిగి, లోపలికి తొంగిచూసి, తడిసిన గుమ్మంలోనే సాష్టాంగపడ్డారు. "స్వామీ, కల్వర్టు దగ్గర తప్పిపోయారు. మీ కోసం దారులన్నీ గాలించాం," అన్నాడు అందులో పెద్దాయన ఏడుస్తూ.

ఎర్రినాయుడు కేలండరు వంక చూశాడు. సూరిబాబు చేతిలో గొడుగు జారిపోయింది. ఆ తరవాత ఎవరు ఎవరి కాళ్ళ మీద పడ్డారో నాకు తెలియలేదు, గదిలో నిలబడి ఉన్నవాళ్ళు లేరు. పైడమ్మ నేల మీద వాలిపోయి, "తాతా అన్నాం, టిపినీ లేదన్నాం, ఎంత పాపం సేసినాం సామీ," అని తల కొట్టుకుంది. తాను చేసిన మంచి పని ఏదీ ఆమెకి గుర్తు రాలేదు.

స్వామి లేచాడు. ఆయన బట్టల తడికి నా వైర్లన్నీ తడిసిపోయాయి. సంచీలోంచి పొడి ఉత్తరీయం తీసి, వంగి, నన్ను శుభ్రంగా తుడిచాడు. వీపు, చేతులు, కూర్చునే చోటు. ఇంటికి వచ్చిన పెద్దముత్తయిదువకి పీట తుడిచి వేసినట్టు తుడిచాడు. తుడిచి, నన్ను పైడమ్మ వైపు తిప్పాడు.

"కూర్చో అమ్మా," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. ఆయన తుడిచిన చోట నుదురు ఆనించి ఏడ్చింది. ఆమె నుదురు ఒక్కటే తగిలింది నాకు. స్వామి ఇంకో మాట అనబోయాడు. శిష్యులు తొందర పెట్టారు, తరవాతి ఊళ్ళో జనం వానలో నిలబడి ఉన్నారట. ఆయన జీపెక్కలేదు, నడిచే వెళ్ళాడు. మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. అప్పటికే సూరిబాబు నన్ను ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

అసలు తప్పు ఆ తుడవడం దగ్గరే జరిగింది. ఆయన తుడిచింది ఆమె కూర్చోవాలని. వీళ్ళకి తోచింది వేరు. స్వామివారు తమ సొంత వస్త్రంతో, స్వహస్తాలతో తుడిచి కుర్చీని పవిత్రం చేశారట. పవిత్రం చేసింది ఇక దేనికి పనికొస్తుంది చెప్పండి, పూజకి తప్ప.

వాన వెలిసిన మర్నాడే సూరిబాబు ఇటుకలు తీసి అరుగు కట్టాడు. పొయ్యి కింద కాదు, నా కింద. సున్నం కొట్టి, జాజు పూసి, నన్ను దాని మీద నిలబెట్టాడు. కేలండరు బొమ్మకి ఫ్రేము కట్టించి నా ఒడిలో పెట్టాడు. రోజూ పొద్దున బంతిపూల దండ, పసుపు, కుంకుమ, నీళ్ళు. రొట్టెల కోసం వచ్చేవాళ్ళతో పాటు దర్శనం కోసం వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. గోడ మీద స్వామివారి సూక్తి అని పెద్ద అక్షరాలతో రాయించారు: 'చివరన కూర్చుంటే పడతావు, నిండా కూర్చుంటే పడవు.' మనసు నిండా దేవుణ్ణి నింపుకున్నవాడు పతనం కాడని దాని అర్థమని చోడవరం నుంచి వచ్చిన ఒక లెక్చరరుగారు చాలాసేపు వివరించారు. ఒక కుర్చీ నెత్తి మీద అంత పెద్ద అక్షరాలతో కూర్చోమని రాసి, ఎవ్వరూ కూర్చోని వింత మీరెక్కడైనా చూశారా? నేను ఏళ్ళ తరబడి చూశాను.

గురువు ఆసనం ఉన్న గదిలో ఆయనతో సమానంగా ఎవరూ కూర్చోకూడదని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు, అందరూ పాటించారు. తినేవాళ్ళ బల్ల బయటికి పోయింది. పైడమ్మ పొయ్యి ముందు అప్పుడప్పుడు వేసుకునే చెక్కపీట కూడా బయటికి పోయింది. పొయ్యి నేల మీదే ఉండిపోయింది.

"ఇంకో కుర్సీ కొంటానే అమ్మా," అన్నాడు సూరిబాబు ఒకటి రెండు సార్లు.

"సామి పక్కన నాకు కుర్సీ ఏటిరా. కళ్ళు పోతాయి."

"బయటేసుకో."

"బయట మగోల్ల మద్దినా."

అంతటితో ఆ మాట ఆగిపోయేది. కొడుకు అడిగానని తృప్తిపడేవాడు, తల్లి కాదన్నానని తృప్తిపడేది. మధ్యలో ఆమె మోకాళ్ళని ఎవరూ అడగలేదు.

పైడమ్మకి నామీద ప్రేమే. రోజూ నన్ను తుడిచేది తనే. గొట్టాల మూలల్లో కుంకుమ పేరుకుంటే పుల్లతో తీసేది. తుడుస్తూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది, నాకు కాదు, ఫోటోకి. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఏదో పెళ్ళికి వెళ్ళారు. మోకాళ్ళు వాచి ఉండటంతో ఆమె ఉండిపోయింది. ముసురు పట్టి రోడ్డు మీద ఎవరూ లేరు. ఆమె నన్ను తుడవడానికి ఫోటో తీసి బియ్యం బస్తా మీద పెట్టింది. దండ తీసింది. అరుగుకి ఆనుకుని చాలాసేపు నా ఖాళీ ఒడి వంక చూసింది. తరవాత నా చేతిని పట్టుకుంది.

ఆమె అరుగు మీదకి ఒక కాలు ఎత్తింది, పళ్ళు బిగించి రెండో కాలు ఎత్తింది, నెమ్మదిగా ఇటు తిరిగింది. చీర అంచు నాకు తగిలింది. కూర్చో తల్లీ, ఎవరూ లేరు, నిండా కూర్చో అని నా వైర్లన్నీ బతిమాలాయి.

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. "సామి తుడిసిన సోటు," అంది మెల్లగా. అరచేత్తో ఆ చోటుని తడిమి, కళ్ళకి అద్దుకుంది. ఎక్కినంత కష్టపడి కిందికి దిగింది. దండ వేసింది, ఫోటో పెట్టింది. అరుగుకి వీపు ఆనించి, నేల మీద కాళ్ళు బారజాపుకుని, మోకాళ్ళు తనే ఒత్తుకుంటూ కూర్చుంది. నా కాలికీ ఆమె జడకీ మధ్య జానెడు దూరం. నాకు చేతులున్నాయన్నానే గాని, అవి వంగవు.

ఆ తరవాత ఆమె మళ్ళీ ఎక్కలేదు. రానురాను నిలబడటం తగ్గి, పొయ్యి నుంచి గుమ్మం దాకా కూర్చునే జరిగేది. రొట్టెలు కాల్చడం మంగవేణి చేతికి వచ్చింది. ఒక వానాకాలం జ్వరం తగిలి పైడమ్మ పోయింది. మోకాళ్ళ నొప్పితో ఎవరూ పోరు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. "పున్నెం సేసుకుంది, సామి కుర్సీ నీడలో పోనాది," అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. సూరిబాబు ఏడుస్తూనే తల ఊపాడు. ఆ నీడ నాది. ఆ నీడంటే నాకు ఇవాళ్టికీ సిగ్గే.

మళ్ళీ ఎన్నాళ్ళకో స్వామి వచ్చాడు. ఈసారి దారి తప్పి కాదు, కావాలనే. కారులో మలుపు దాకా వచ్చి, అక్కడి నుంచి కర్ర పట్టుకుని నడిచాడు. బాగా వంగిపోయాడు. సూరిబాబు పరుగున ఎదురెళ్ళి పాదాల మీద పడ్డాడు. ఎర్రినాయుడికి చూపు మందగించింది, మంచం మీంచే చేతులు జోడించాడు. మంగవేణి పొయ్యి ముందు నుంచి లేచింది. ముందు ఒక చెయ్యి నేలకి, తరవాత ఒక చెయ్యి గోడకి. స్వామి అది చూశాడు. గోడ మీద అక్షరాలు కూడా చదివాడు.

"ఇది నేనన్న మాటేనా?" అన్నాడు.

"మీ మాటే సామీ. మీ నోటెంట వొచ్చిన మాట," అన్నాడు సూరిబాబు.

"ఇది ఇక్కడ రొట్టెలు కాల్చే అమ్మతో అన్నాను. ఏదీ ఆవిడ?"

"అమ్మ పోనాది సామీ. పోయిన వానల్లో."

స్వామి కర్ర గోడకి ఆనించి, నా వైపు చూస్తూ అడిగాడు. "కూర్చుందా?"

సూరిబాబుకి ప్రశ్న అర్థం కాలేదు. అర్థమైందనుకుని, చేతులు కట్టుకుని, గర్వంగా చెప్పాడు. "లేదు సామీ. మీ తరవాత అందులో ఒక్క మనిషి కూడా కూకోలేదు. మా అమ్మయితే పేణం పోయేదాకా రోజూ తుడిసింది గాని, ఒక్కనాడు కూకోలేదు."

అంతటి స్వామి ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఉండవలసింది. ఆవిడ కూర్చున్నాక వెళ్ళవలసింది," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

శిష్యులు నా ఒడిలో ఫోటో తీసి ఆయన్ని కూర్చోబెట్టబోయారు. ఆయన వద్దన్నాడు. మెల్లగా వంగి, అరుగు పక్కన నేల మీద, పైడమ్మ కాళ్ళు జాపుకుని కూర్చునే చోటే కూర్చున్నాడు. రొట్టె అడిగాడు. తుంచాడు గాని తినలేకపోయాడు. లేచేటప్పుడు మంగవేణి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీకూ మోకాళ్ళు మొదలయ్యాయా తల్లీ?" అన్నాడు ఆమెకి మాత్రమే వినబడేట్టు.

మంగవేణి తల ఊపింది.

ఆయన కారు కదిలీ కదలకముందే సూరిబాబు ముగ్గుపిండి తెచ్చి, ఆయన కూర్చున్న నేల చుట్టూ గీత గియ్యడం మొదలుపెట్టాడు. "ఇక్కడెవరూ అడుగెట్టకండి. సామి కూకున్న సోటు," అన్నాడు.

మంగవేణి ఆ గీత వంక చూసింది. పొయ్యి వంక చూసింది. నేరుగా నా దగ్గరికి వచ్చి, దండ తీసింది, ఫోటో తీసి గోడకి తగిలించింది. అరుగెక్కి, ఇటు తిరిగి, మొగుడు చూస్తుండగా, మామ మంచం మీద ఉండగా, నిండా కూర్చుంది.

నేను నిలబడలేకపోయాను. ఏళ్ళ తరబడి పూలనీళ్ళకి నాని, కిటికీ ఎండకి ఎండి, మనిషి బరువు ఎరగక, గవరయ్య చెప్పినట్టే పెళుసెక్కిపోయి ఉన్నాను. వైర్లు ఒకదాని తరవాత ఒకటి టపటపా తెగిపోయాయి. ఆమె నా గొట్టాల మధ్య కూరుకుపోయింది.

సూరిబాబు చేతిలో పిండి పడిపోయింది. "సూసినావా ఏటైనాదో. సామి కుర్సీలో కూకుంటావా, లెగు," అన్నాడు.

"కూకోనీరా," అన్నాడు ఎర్రినాయుడు బయట నుంచి. ఆయన ఇటు తిరిగి, ఆ మందగించిన చూపుతో గది లోపలికి చూస్తున్నాడు. "కూకోనీ. అది ఆల్లత్త కుర్సీ. మీ అమ్మని ఒక్కసారైనా సెయ్యట్టుకుని కూకోబెట్టలేకపోనాను. ఎటో సూస్తా కూకో, కూకో అన్నాను గాని, ఇటు తిరిగి సెప్పలేదు." ఆ మాట అని ముసలాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మంగవేణి నాలో ఇరుక్కునే ఉంది. లేవడానికి తొందరపడలేదు. "వైరు మార్పించండి. ఈ ఇటుకలు తీసి పొయ్యి లేపండి," అంది మొగుడితో. సూరిబాబు గోడకున్న తల్లి ఫోటో వంక చాలాసేపు చూశాడు. తరవాత కాలితో ముగ్గు గీత చెరిపేశాడు.

అలా మళ్ళీ నేను బెల్లం మార్కెట్టు వెనక సందుకి వచ్చాను. గవరయ్య లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. ఇతనూ తిడుతూనే అల్లుతాడు, కాకపోతే ఇప్పుడు సెల్‌ఫోనులో. పాత వైర్లు కత్తిరించి పక్కన కుప్ప పోశాడు. స్వామి తుడిచిన చోటు ఆ కుప్పలో ఎక్కడో ఉంది. నీలం వైరు వేస్తాడట, ఆకుపచ్చ ఇప్పుడు దొరకడం లేదట. రేపో ఎల్లుండో నా వంతు వస్తుంది.

మంగవేణి బాగానే కూర్చుంటుంది. నాకు ఆ నమ్మకం ఉంది. ఆమె ఒంటికి తగ్గట్టు సాగుతాను, ఆమె వీపు మీద నా గళ్ళు పడతాయి, కుర్చీకి ఇంతకన్నా కావలసింది లేదు. అయినా ఈ మేకుకి వేలాడుతూ ఖాళీగా ఉన్నప్పుడు ఒకటే గుర్తొస్తుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నాను. నడకస్వామి బరువు ఎంతో నాకు తెలుసు. మంగవేణి బరువు ఎంతో తెలుసు. ఎవరి కోసం నన్ను కొన్నారో ఆ పైడమ్మ బరువు ఎంతో నాకు తెలియదు.